పొట్ట ఉన్న చిత్రిక

మార్చి 4

నిన్న బావకి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పది రోజులు వంగకూడదట, దుమ్ములోకి రాకూడదట. అంటే అప్పటిదాకా వడ్రంగం షెడ్డు నాదే.

లైబ్రరీ వాళ్ళ ఎనిమిది కుర్చీల్లో నాలుగు అయ్యాయి. మిగతా నాలుగూ నెలాఖరుకి ఇవ్వాలి. కాళ్ళు, అతుకులు నావి. వీపు పలకలు మాత్రం బావవి. ఆ పలకలో సన్నని పల్లం ఒకటి ఉంటుంది. కూర్చున్నవాడు లేవడు. అది బావ చేతివాటం అంటారు అందరూ. బావ కూడా అంటాడు, నాలుగుసార్లు ఎక్కువే.

మార్చి 6

పని తెమిలింది. పలకలు నునుపు తీసే బావ పాత కొయ్య చిత్రిక తీశాను. పంపుల ఫ్యాక్టరీ మూతపడేదాకా పంతొమ్మిదేళ్ళు క్వాలిటీ సెక్షన్‌లో ఉన్నాను. వస్తువు కనిపిస్తే కొలవకుండా ఉండలేను. అక్క దీన్ని జబ్బు అంటుంది.

చిత్రిక అడుగు మీద స్ట్రెయిట్ ఎడ్జ్, అదే తిన్నని ఉక్కుబద్ద, అడ్డంగా పెట్టాను. మధ్యలో ఆనింది, రెండు అంచుల దగ్గరా వెలుతురు. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే అటూ ఇటూ 0.4 మిల్లీమీటర్లు. చిత్రికకి పొట్ట వచ్చింది! ముప్పై ఏళ్ళ అరుగుడు. బ్లేడు అంచూ అంతే వంపు. సానరాయి మధ్యలో గుంట పడ్డాక దాని మీద నూరిన బ్లేడు తిన్నగా ఎందుకుంటుంది?

మనిషి ఈ దరిద్రంతో ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చాడో.

అదే రోజు, సాయంత్రం 5

అద్దం మీద గరుకు కాగితం పరిచి, చిత్రిక అడుగు రుద్దాను. మూడు గంటలు పట్టింది. బ్లేడు కూడా తిన్నగా సాన పట్టాను. ఇప్పుడు ఎక్కడా వెలుతురు రాదు. బావ చూసి మురిసిపోతాడు. నేను చెప్పను, తనే కనుక్కోవాలి.

మార్చి 15

బావ వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, జేబులో ఐ డ్రాప్స్. వస్తూనే పలక బిగించి చిత్రిక అందుకున్నాడు.

పల్లం రాలేదు. పొట్టు రిబ్బన్‌లా వచ్చింది, పలక మాత్రం బల్లలా తయారైంది. చిత్రికని పక్కకి వాల్చి పట్టాడు. అంచు దిగబడి గాటు పడింది. ఇంకో పలక తీసుకున్నాడు. అదీ అంతే.

చిత్రిక బ్రహ్మాండంగా ఉంది, వెన్నలా పోతోంది, పోయింది నా చెయ్యే అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. పల్లం తీసేది చిత్రిక అడుగున ఉన్న ఆ పొట్ట. దాన్ని చేతులారా నేనే అరగదీశాను.

నోరు మెదపలేదు.

మార్చి 16

ఈ రోజూ మెదపలేదు.

మార్చి 17

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. మీ బావ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడే అంది. లైబ్రరీ వాళ్ళని వేరే చోట చూసుకోమంటాడట. షెడ్డు నీకిచ్చేస్తాడట. కన్ను బాగుచేయించుకోబోయి చెయ్యి పోగొట్టుకున్నాను అంటున్నాడట. మీ ఇద్దరికీ ఏమైనా మాటామాటా వచ్చిందా అని అడిగింది. లేదన్నాను. నిజమే, మాట రాలేదు.

చెప్పెయ్యొచ్చు. ఎందుకు చెప్పడం లేదంటే, మొదటిది భయం. ఫ్యాక్టరీ పోయి రోడ్డున పడ్డప్పుడు చేరదీసిన మనిషి. రెండోది భయం కాదు. నీ చెయ్యి పోలేదు బావా అనాలంటే, దాని వెంటే ఇంకో మాట అనాలి: ఆ పల్లంలో సగం నీ చెయ్యి కాదు, చిత్రిక. అది ఆయనకి తెలియదు. అడుగుకి మైనం రాయడం తప్ప ఏనాడూ గేజ్ పెట్టి ఎరగడు. ముప్పై ఏళ్ళు పొగిడించుకున్న మనిషి దగ్గర ఆ ముక్క ఎలా లాక్కోను? నా వల్ల కాదు.

మార్చి 18, ఉదయం 7

బావ పదింటికి వస్తాడు. అందరికీ చెప్పేసి తాళం ఇచ్చేస్తానన్నాడట. మూడు గంటలుంది.

9:40

చిత్రిక అడుగున పెన్సిల్‌తో నిలువునా గీతలు గీసుకుని, గాజుపెంకుతో అంచులు గీకాను. కొలవడం, గీకడం. ఎడమ 0.4. కుడి 0.4. బ్లేడుని ఆ గుంట సానరాయి మీదే నూరాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో మంచి సరుకుని వంకర చేయడం ఇదే మొదటిసారి. గీకిన తెల్లదనం కనపడకుండా నూనె, మసి, మైనం.

11:30

ఈ ఒక్క పలక చూడు బావా, తర్వాత నీ ఇష్టం అన్నాను. విసుక్కుంటూనే పట్టాడు. నాలుగు తోపులు. ఆగాడు. బొటనవేలు పలక మీద పెట్టి అటూ ఇటూ రాశాడు. మళ్ళీ తోశాడు.

పల్లం వచ్చింది.

వచ్చేసిందే, చెయ్యి వచ్చేసింది అని అరిచాడు. టీ తెచ్చినాయన్ని పట్టుకుని అతని వేలు కూడా పలక మీద రాయించాడు. కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారుతుంటే డ్రాప్స్ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నాకు డ్రాప్స్ లేవు.

మార్చి 26

కుర్చీలు వెళ్ళాయి. లైబ్రరీ ఆవిడ పాతవీ కొత్తవీ కలిపేసి, ఏవి ఏవో చెప్పలేకపోయింది. బావ కాలు నేల మీద లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. పాత చిత్రిక నీకేనే అన్నాడు. ముప్పై ఏళ్ళ నుంచి నా చేతి కింద ఉంది, నీకు కలిసొస్తుంది అన్నాడు. తనకి కొత్తది ఆర్డర్ పెట్టేశాడట. చెయ్యి ఉంటే ఏ చిత్రికైనా ఒకటే అట.

మార్చి 28

కొత్తది వచ్చింది. నేను గేజ్ పెట్టేలోపే బావ లాక్కున్నాడు. కొత్త కొయ్య, నూనె పట్టించాలి అని ఇంటికి పట్టుకెళ్ళాడు. చూపుకే తెలుస్తోంది, అడుగు అద్దంలా ఉంది.

మార్చి 30

సాయంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు, గుడ్డలో చుట్టి. రేపు పదింటికి దీంతో మొదలెడదాం అన్నాడు. నేను ఆరున్నరకే వెళ్ళాలి. గాజుపెంకు సంచిలో పెట్టుకున్నాను.

మార్చి 31, ఉదయం 6:50

గుడ్డ విప్పి చిత్రిక తిరగేశాను. అడుగు అంచులు అప్పటికే గీకి ఉన్నాయి, పాతదానికి నేను గీకినట్టే. బావ వడ్రంగానికి వాడే లావు పెన్సిల్ గీతలు ఇంకా చెరగలేదు. గేజ్ పెట్టలేదు. గుడ్డ మళ్ళీ అలాగే చుట్టేశాను.