వాకిట్లో పట్టాలు

ఏప్రిల్ 6, ఆదివారం

నాయిన ఈరోజు కూడా కుర్చీలోంచి లేవలేదు. పక్షవాతం వచ్చి రెండు నెలలు దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు. ఇప్పుడు నడవకపోతే ఆ కాలు ఇక ఇంతేనని డాక్టర్ మొహం మీదే చెప్పేశాడు. ముప్పై ఏళ్లు గద్వాల సెక్షన్‌లో కీమాన్‌గా, పట్టాల బిగింపులు చూసుకుంటూ రోజూ మైళ్లు నడిచిన మనిషి. లేవమంటే కళ్లు మూసుకుంటాడు. నాకు ఏడుపు కాదు, కోపమొస్తోంది.

అందుకే ఒక పిచ్చి పని చేశాను. హైదరాబాద్‌లో ఎవరో అమ్ముతుంటే సెకండ్‌హ్యాండ్ గార్డెన్ ట్రైన్ సెట్ ఆన్‌లైన్‌లో కొన్నాను. మూరెడు ఇంజన్, రెండు పెట్టెలు, గోనెసంచి నిండా ఇత్తడి పట్టాలు. వాకిలంతా సిమెంటే కదా, చుట్టూ పరిచేస్తాను. రైలు చూసైనా లేస్తాడేమో.

ఏప్రిల్ 9

జిగురుతో అంటించిన పట్టాలు సాయంత్రానికే ఊడొచ్చాయి. చీపురు తగిలి ఒక వంపు మొత్తం జరిగిపోయింది. ఇంతకీ వాకిలి ఊడవాలా వద్దా అని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

ఏప్రిల్ 12, శనివారం

పక్కింటి లింగయ్య మామ డ్రిల్లింగ్ మిషన్ ఇచ్చాడు. సిమెంటులో నూట నలభై రంధ్రాలు. ప్రతి దాంట్లో ప్లాస్టిక్ ప్లగ్గు, దాంట్లోకి స్క్రూ. పట్టాల కింది అడ్డపట్టీల్లో, అదే స్లీపర్లలో, ఒక్కటి కూడా వదల్లేదు. పట్టాకీ పట్టాకీ మధ్య వెంట్రుక కూడా దూరకుండా కొట్టి కలిపాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏనుగు తొక్కినా కదలదన్నాడు మామ.

నాయిన గడప దగ్గర కుర్చీ వేయించుకుని పొద్దంతా చూశాడు. ఉలకలేదు, పలకలేదు. అయినా చూశాడు కదా! రేపు మట్టల ఆదివారం, చర్చి నుంచి రాగానే ఓపెనింగ్.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:10

నాశనం. ఎండకి పట్టాలు పాముల్లా వంకర్లు పోయాయి. రెండు చోట్ల ప్లగ్గులతో సహా పైకి లేచాయి. ఇంజన్ పది అడుగులు పోయి బోర్లా పడింది.

అదే రోజు, సాయంత్రం 5:30

నాయిన మీద విరుచుకుపడ్డాను. ముప్పై ఏళ్లు ఇదే పని చేశావు, ఇట్లా అవుతుందని తెలిసీ నోరెందుకు విప్పలేదని అరిచాను. అమ్మ ఆపబోయింది. ఆయన మాట ముద్దగానే వచ్చింది గానీ, ప్రతి అక్షరం వినపడింది.

“నన్నెవరు అడిగిండ్రు బిడ్డా? రెండు నెలలసంది లే అంటుండ్రు, తిను అంటుండ్రు. ఒక్కలన్న ఏమన్న అడిగిండ్రా?”

వంటింట్లోకి పోయి నిలబడ్డాను. నిజమే. మందులు మార్చినప్పుడు అడగలేదు. ఈ రైలు కొన్నప్పుడూ అడగలేదు. సిగ్గేసింది. తిరిగొచ్చి ఆయన పక్కన కింద కూర్చుని, పట్టా ఎట్లా బిగించాలో చెప్పమన్నాను.

ఏప్రిల్ 14

సెలవు. పొద్దున్నుంచీ స్క్రూలు విప్పడమే పని. మూడు స్లీపర్లకి ఒక స్క్రూ చాలట. అదీ పూర్తిగా బిగించి, అర చుట్టు వెనక్కి తిప్పాలట. పట్టా జరగాలి, పైకి లేవకూడదు. ఎండకి సాగడానికి రెండు పట్టాల మధ్య పోస్టుకార్డు మందం సందు వదలాలట.

రెండుసార్లు తప్పు చేశాను. మూడోసారి నాయిన విసుక్కుని కర్ర ఇమ్మన్నాడు. లేచాడు. అమ్మ పట్టుకోబోతే జరగమన్నాడు. పదకొండు అడుగులు! వంగలేక కర్రతోనే జాయింట్ చూపించి నన్ను తిట్టాడు. ఎంత హాయిగా ఉందో ఆ తిట్లు వింటుంటే.

ఏప్రిల్ 15

వనపర్తిలో నా ఆఫీసుకి అమ్మ ఫోన్. నలభై రెండు డిగ్రీల ఎండలో రైలు తిరుగుతోందట.

ఏప్రిల్ 27

పొద్దుగాల 6. లైన్ మొత్తం నడిచి చూసిన. ఆరో జాయింట్ కాడ స్క్రూ వదులు. మనీషా లేచినంక బిగిస్తది. ఎడమ చేత్తోని రాస్తున్న, అక్షరాలు వంకర. ఈ బుక్కుల వేరే పేజీలు చదువలే. బండి పోవచ్చు.

దానియేలు, కీమాన్