మా బాపు డోలు, అల్హసన్ దేశం: ఎవలికేది

మొదలు ఒక్క మాట. సిత్రల మా క్యాంపు గేటు ముంగటి కోల్డ్‌స్టోర్‌ దుకాణపాయన అమ్మే రస్కులు పాకెట్‌ల సగం ఇరిగే ఉంటున్నయి. ఇరిగిన రస్కు చాయల ముంచితె మునుగుడే గని మళ్ల చేతికి రాదు. ఇయ్యాల గూడ రెండు వోయినయి. చెంచతోని తీస్కొని తిని, చెయ్యి కడుక్కోని, గిప్పుడు రాస్తున్న.

నేను, కొమ్ముల గంగన్న, తండ్రి కీర్తిశేషులు కొమురయ్య, కురుమ కులం, వయసు పాస్‌పోర్టుల అరవై రెండు, అసలుకు అరవై ఆరు, ఊరు మెట్‌పల్లి పక్కపొంటి పల్లె, ఇప్పుడు బహ్రెయిన్‌ల సిత్ర క్యాంపు స్టోర్‌కు కాపలా, మంచి తెలివిల ఉండి, ఎవ్వలి బలవంతం లేకుంట, నా చేత్తోని రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు తెలివి తక్కువని మా ఇంటామె నలభై నాలుగేండ్ల సంది అంటనే ఉన్నది. డాక్టరు మటుకు గుండె తప్ప అన్ని మంచిగనే ఉన్నయన్నడు. రెండు మెట్లెక్కితె ఆయాసం వస్తుంది, అందుకే రాసుడు. నాలుగో తరగతి సదువు, తప్పులుంటె మీరే దిద్దుకోండ్రి.

ఇల్లు, పొలం కాయిదాలు ఎన్కటనే అయిపోయినయి, వాటి జోలి ఇండ్ల లేదు. ఇండ్ల ఉన్నయి మూడే: ఒక డోలు, ఒక గొంగడి, ఒక దేశం. దేశాన్ని ఎట్ల పంచుతవురా ముసలోడా అంటరు. సదువుండ్రి.

1. ఈ కాయిదం అమలు జేసే పెద్దమనిషి మా క్యాంపు టైంకీపర్ మణికుమార్. పదేండ్లల్ల నా డ్యూటీకి ఒక్క నిమిషం ఎక్కువ రాయలె. ఎంత బతిలాడినా రాయలె. అందుకే వాన్ని నమ్ముతున్న. నా తదనంతరం అందరిని ఫోన్ల కూసోవెట్టి ఇది మొత్తం సదవాలె. మధ్యల నా కొడుకు లింబాద్రి ఫోను కట్ చేస్తె, మళ్ల మొదటికెల్లి, రస్కుల కాడికెల్లి సదవాలె.

2. దేశం నాకు ఎట్లొచ్చిందో చెప్పాలె, లేకుంటె హక్కు రుజువు కాదు. అల్హసన్ ఘానా దేశపోడు. పన్నెండేండ్ల కింద పద్నాలుగో నంబరు రూముల నాది కింది మంచం, వానిది పై మంచం. మా మాట సగం హిందీ, సగం అరబ్బి, తక్కినది చేతులు. వాడు బట్టలకన్న ముందుగల్ల ఒక డోలు తెచ్చుకున్నడు. నడుము సన్నగ, రెండు మొకాలు, సుట్టూత తోలు తాళ్లు, కొట్టుడుకు ఒక వంకర కట్టె. సంకల వెట్టి ఒత్తితె గొంతు లేస్తది, ఇడిస్తె దిగుతది. లుంగ అంటరు దాన్ని. అది మాట్లాడుతదని వాడంటె నేను నవ్విన.

మొదటి శుక్రారం మెస్సుల ఆ లుంగ పట్టుకోని సీద నా మీదికొచ్చి కొట్టుడు వెట్టిండు. దేవుని కథ చెప్పె మా ఒగ్గోళ్ల కాడ డోలు గట్ల మీదికొచ్చిందంటె మల్లన్నను పిలుస్తున్నట్టే, ఎవలికో దేవుడు పూని శిగం వస్తది. నాకు ఆకలి తప్ప ఏం రాలె. గని స్కాఫోల్డింగ్ పనిజేసే మా వెంకన్న వంటింట్లకు ఉరికి, పసుపు తెచ్చి, అల్హసన్ నొసలు నిండ బండారి రాసిండు. వాళ్ల దిక్కు పద్ధతి వేరె. డోలు కొట్టెటోడు మనిషి తాతల పేర్లు డోలు మీద పిలుస్తడు, ఆ మనిషి లేచి ఆడుతడు, సూసెటోళ్లు ఆడెటోని నొసట పైస అతికిస్తరు. మా దేశంల పైసకు బదులు పసుపు అతికిస్తరు గావచ్చు అనుకున్నడు వాడు. నొసట పెట్టినంక ఆడకుంటె బాగుండదని తనే ఆడిండు. నమాజు జేసెటోడు, మొకం నిండ బండారితోని, బీరప్ప గుడి ముంగట ఆడినట్టు ఆడిండు. దేవుడచ్చిండని మేము మొక్కినం. అసలు సంగతి ఇద్దరికి తెలిసేసరికి నాలుగు శుక్రారాలు వట్టింది.

అటెంక జుఫైర్ల, అరాద్‌ల సెక్యూరిటీ డ్యూటీ జేసే వాళ్ల దేశపోళ్లు శుక్రారం మా రూముకు వచ్చుడు మొదలైంది. ఒక్కొక్కడు ఒక్కో దిక్కోడు. ఒకని పాటకు ఇంకోడు మూతి తిప్పుడే, అచ్చం మనోళ్లు గోదావరోళ్ల కూరకు తిప్పినట్టు. గట్ల మంచం మీద కూసోని ఆ దేశం సుట్టు తిరిగిన, కాలికి మట్టి అంటకుంట. రెండేండ్ల కింద అల్హసన్ వీసా ఖలాస్ అయి వోతుంటె, ఆ పాటలన్ని ఒక మెమరీ కార్డుల దిక్కుకో ఫోల్డర్ జేసి నాకిచ్చిండు. ఆ కార్డే నా దేశం. దాన్ని ఇట్ల పంచుతున్న.

3. నా భార్య అంజవ్వకు వాయవ్యం మూల. ఆడ కట్టె పలకలు వరుసగ వేర్చి, కింద సొరకాయ బుర్రలు కట్టి వాయిస్తరు. బుర్రలకు తొర్రలు వొడిసి, సాలెపురుగు గుడ్ల మీది పొర అతికిస్తరు. అందుకని ప్రతి దరువు ఎనుక జుమ్మని ఒక గునుగుడు ఉంటది. ఆ గునుగుడు లేకుంటె అది మంచి వాయిద్యం కాదట. నువ్వు యాదికొచ్చినవు అంజవ్వ. సావు కాడ గూడ గదే వాయిస్తరు. నాకు మటుకు ఫోన్ల పెట్టు, సాలు.

4. నా బిడ్డ శోభారాణికి నడిమి దేశం, కుమాసి దిక్కు. ఆడ సావుకు ఎర్రయి, నల్లయి బట్టలు కట్టి, మనిషెత్తు డోళ్లు కొడుతుంటె ఆడోళ్లు చేతులతోనే మాట్లాడుతరట. నాకు ఎవ్వలు లేరు అని ఒక తీరు, నేనున్న గద అని ఇంకో తీరు. బిడ్డా, నువ్వు నోరు తెరిసి ఏదీ అడుగలె ఎన్నడు. నీ చేతులు సూసి నేను తెలుసుకోవాల్సింది, తెలుసుకోలె.

5. మా అల్లుడు నర్సింగ్‌కు తూర్పు దిక్కు. ఆడ ఎంత మంది డోళ్లు కొట్టినా ఒకాయన రెండు మూతుల ఇనుప గంట కొడుతడు, అందరు ఆ గంట ఎంబడి నడువాలె, గంటాయన మటుకు తప్పద్దు. పెండ్లి మూర్తానికి రెండు గంటలు ఆలిశ్యం వచ్చినోనికి ఇది పనికొస్తది. నేను మెస్సుల ఆడిన వీడియోను సుట్టాల గ్రూపుల వెట్టి నవ్వింది గూడ మర్శిపోలె.

6. లింబాద్రికి సముద్రం ఒడ్డు, అక్ర పట్నం. గిటార్లు, బూర, తెల్ల బూట్లు. హోటల్ల పనిజేసెటోనికి సక్కగ ఒప్పుతది. వల గుంజెటోళ్ల పాట గూడ ఉన్నది అండ్ల, అది గూడ ఇను. ఆడ సేపలు వట్టెటోడు సస్తె సేప తీరు పెట్టెల వెట్టి బొందవెడుతరట. నన్ను గట్ల జేస్తె రస్కు పాకెట్ తీరు చేయిస్తవని నాకు ఎరుకే.

7. అల్హసన్‌కు నా గొంగడి. మా మేనత్త కొడుకు నేసింది. మార్గశిరంల వాళ్ల దిక్కు దుమ్ముగాలి వస్తది, పొద్దుగాల పండ్లు కొట్టుకుంటయి అన్నడు. పంపే బాధ్యత మణికుమార్‌ది. లోపట ఒక చిట్టి పసుపు గూడ వెట్టాలె, సమజైతది వానికి.

8. ఇగ డోలు. కొట్లాటంత గీ ఒక్కదాని మీదనే, అందరికి ఎరుకే.

అల్హసన్ నా తాతల పేర్లు అడిగిండు, డోలు మీద పిలుస్త అని. కొమురయ్య, పెద్ద బీరయ్య అన్న. ఇంకా అన్నడు. లేవు. దేవుని తరాలన్ని తెల్లారేదాక పాడెటోని కొడుకును నేను, నా మూడో తాత పేరు నాకు తెల్వదు. బాపు డోలు నేర్పుత అంటె సిగ్గువడి దుబాయికి ఉరికినోన్ని. మళ్ల సుట్టికి ఊరికి పోయి, తొంభై ఏండ్ల మేనత్త పక్కకు కూసోని అడిగితె, ముత్తన్న, ఒగ్గు రాజం, లచ్చన్న అని మూడు దొరికినయి. ఆ ఐదు పేర్లు అల్హసన్ లుంగ మీద పిలిస్తె నేను మెస్సుల లేచి ఆడిన. నర్సింగ్ నవ్విన వీడియో అదే.

నా మనుమరాలు వినోద, శోభ బిడ్డ, ఇంటర్ రెండో సంవత్సరం. డోలు దరువు ఫోన్ల ఇని స్టీలు బిందె మీద తీస్తది. మా ఊరి గుడి ముంగట మల్లన్నకు ముగ్గులేసే పట్నాల నాడు మా బాపు డోలు మెడలేసుకోని నాలుగు దరువులు కొట్టింది. లింబాద్రి వచ్చి, ఆడివిల్ల డోలు మెడల ఏస్తదా, సాలు తియ్యి అని గుంజుకున్నడు. పోరి నా దిక్కు సూసింది. నేను గొంగడి సదురుకుంట కూసున్న. గది నా తప్పు, రాసి ఒప్పుకుంటున్న.

అల్హసన్‌కు ఫోన్ల చెప్పిన. డోలు ఇంటి ఆడివిల్ల ఏ ఇంటికి వోయినా ఆమె కడుపున పుట్టినోళ్లల్ల ఒకరన్న డోలు కాడికి రావాలె, అది మా కట్టుబాటు అన్నడు. ఆడివిల్లనైనా అని అడిగిన. మా దగ్గర గూడ ఆడివిల్లలు కొట్టరు అన్నడు, అబద్ధం జెప్పలె. మళ్ల తనే, భాయ్, పిల్ల అడిగింది నిన్ను, మమ్ముల కాదు గద అన్నడు.

గీ లోపట లింబాద్రి ఆ డోలును అట్టపెట్టెల బహ్రెయిన్ తెచ్చి, జుఫైర్ల తను పనిజేసే హోటలాయనకు ఇచ్చిండు, గోడకు అందం అని. నూరేండ్ల డోలు అని పలక రాసి, పైన లైటు వెట్టిండ్రు. ఏడాది సంది వినోద మేనమామతోని మాట్లాడుత లేదు, నాతోని గూడ ఊ అనుడే.

కాబట్టి నా పూర్తి ఇష్టంతోని రాస్తున్న. మా బాపు కొమురయ్య డోలు, దాని కట్టెలు, పైన రాసిన ఐదు పేర్లు, కార్డుల ఉత్తరం దిక్కు, అంటె అల్హసన్ వాళ్ల దిక్కు ఫోల్డర్, వీటి మీద సర్వహక్కులు వినోదవి. అమ్మనీకి, దానం ఇయ్యనీకి కాదు, కొట్టనీకి. పట్నాల నాడు ఆమె మెడలకెల్లి ఎవ్వలు తియ్యద్దు. తీస్తె ఈ వీలునామా కింద వాళ్లకు వచ్చిన దిక్కు రద్దు.

9. ఇప్పుడు లింబాద్రి అంటడు, హోటలాయనను ఏమని అడుగాలె, నౌకరి పోదా అని. అడుగకు కొడుకా. పోయిన సుట్టికి నువ్వు డోలు కోసం అట్టపెట్టె తెస్తవని తెల్వంగనే నేను కొమురెల్లి మల్లన్న జాతరల ఒక కొత్త డోలు కొన్న. పొయ్యి మసి, చాయ డికాషన్, ఆముదం కలిపి రెండు దినాలు రుద్దిన. అంచుకు ఉన్న పగులు ఆకురాయితోని నేనే వెట్టిన. పెట్టెల సర్దింది నేను, తాడు కట్టింది మీ అవ్వ. శుక్రారం శుక్రారం నన్ను హోటల్‌కు తోల్కపోయి, సూడు బాపు, తాత డోలు ఎంత మెరుస్తుందో అంటివి. నేను ఊ కొడితి. అసలుది మన వడ్ల గుమ్మిల, మీ అవ్వ పాత చీరెల సుట్టి ఉన్నది వినోదా. పోయి తీస్కో. హోటలాయనకు మటుకు చెప్పకుండ్రి, లైటు మంచిగ వెట్టిండు పాపం.

సిత్ర, బహ్రెయిన్. 2025 నవంబరు 14, శుక్రారం.

కొమ్ముల గంగన్న (చేవ్రాలు నాదే)

సాక్షులు:
1. అప్పాజీ, మెస్సు వంటాయన, అమలాపురం. చదవకుండా సంతకం ఎట్టనండి అన్నడు. సదివిండు, నవ్విండు, వెట్టిండు. సాక్షికి ఏం ఇయ్యద్దంటరు, గందుకని ఇయ్యలె.
2. వెంకన్న, స్కాఫోల్డింగ్. బండారి రాసినోడు ఇతనే.