పేర్లు చదివే వేళకు

బావకు, హేమ రాస్తున్నది.

ఇక్కడ అత్తా, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని నీ చేతిరాత చూశాకే నమ్మాను. ఆ జైలు నుంచి నీ ఉత్తరం రావడానికి నలభై రోజులు పట్టింది.

అత్త బీపీ మాత్ర వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది. వలలు ఆరబెట్టి అటక మీద పెట్టాను. టీవీ సరిగా వస్తోందా అన్నావు. దాని గురించే చాలా రాయాలి.

మీ బోటు సముద్రంలో సరిహద్దు దాటిందని పరాయి దేశం వాళ్లు పట్టుకున్న రోజు నుంచి, నీ కబురు చెబుతారేమోనని అత్త టీవీ ముందు నుంచి లేవడం లేదు. అదేమో మధ్యాహ్నమయ్యేసరికి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయేది. పొద్దున్నే మళ్లీ శుభ్రంగా వచ్చేది. బాక్సు ఆపి మళ్లీ పెట్టాను, కార్డు తీసి తుడిచాను. లాభం లేకపోయింది. చివరికి చల్లపల్లి నుంచి డిష్‌లు బాగుచేసే ఎలీషా గారిని పిలిపించాను. సముద్రం గాలి మొదలవగానే కొబ్బరిమట్ట ఒకటి ఊగి డిష్‌కి అడ్డం వస్తోందని చెప్పి, దాన్ని నరికించారు. ఉప్పుగాలికి వైరు కొసన చిలుము పట్టిందని అంతమేర కోసి కొత్త పిన్ను వేశారు. తర్వాత వారం రోజులు బొమ్మ చెదరలేదు.

మళ్లీ పోయింది. బావా, ఈసారి పోగొట్టింది నేనే.

సోమవారం అత్త చేపల బజారుకు వెళ్లినప్పుడు, విడుదలయ్యే వాళ్ల పేర్లు వార్తల్లో చదివారు. పదకొండు మంది. నీ పేరు లేదు. నీకు అక్కడ చెప్పారో, నా ఉత్తరంలోనే మొదట చూస్తున్నావో తెలియక ఈ మాట రెండుసార్లు కొట్టేసి రాశాను. అత్త గుమ్మం ఎక్కేలోగా బాక్సు వెనక వైరు వదులు చేశాను. ఎవరైనా చెప్పేస్తారేమోనని మర్నాటి నుంచి బజారుకు నేనే వెళ్లాను. మూడు రోజులు అలా నెట్టుకొచ్చాను.

అత్త ఊరుకోలేదు. ఎలీషా గారికి తనే కబురు పెట్టింది. ఆయన డిష్ దగ్గర మీటరు పెట్టి సిగ్నల్ నిండుగా ఉందన్నారు. లోపలికొచ్చి, వదులుగా ఉన్న వైరు పట్టుకుని నా వైపు చూశారు. దాన్ని బిగించి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం వార్తల్లో పేర్లు మళ్లీ చదివారు. అత్త చివరిదాకా వింది.

"నీకు ముందే తెలుసా?" అంది.

తలూపాను. తిడుతుందనుకున్నాను.

"మూడ్రోజులు ఒక్కదానివే ఎట్టా మోశావే" అంది. టీవీ కట్టేసి, ట్రంకుపెట్టెలోంచి నీ కాగితాలన్నీ తీసింది.

మర్నాడు ఇద్దరం బందరులో మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లాం. ఆధార్‌లో మణికుమార్ అనీ, బోటు కాగితంలో ఒట్టి మణి అనీ ఉండటంతో నీ పేరు ఆగిపోయిందట. రెండో జాబితా ఉందంటున్నారు, ఎప్పుడో మాత్రం చెప్పడం లేదు. నీ పూర్తి పేరు, మీ నాన్న పేరు రాసి, సంతకం పెట్టి వెంటనే పంపు. ఒక్కరోజు కూడా ఆగకు.

కింద ఉన్న నీలం మరక అత్త వేలిముద్ర. తన చెయ్యి కూడా నీ దాకా రావాలంది.

ఇట్లు,
నీ భార్య
హేమ