మెత్తకు అంటిన తెల్ల వెంట్రుకలు

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం మా గుర్రం గౌరికి జీను కింద వేసే మెత్తను కుంకుడు రసంలో నానబెట్టాను. సబ్బుపొడితో ఉతికితే దాని వీపు దురద పెడుతుంది. బ్రష్షుతో రుద్దుతుంటే తెల్ల వెంట్రుకలు ఊడొచ్చాయి, ఓ పది దాకా. గౌరేమో ఒళ్లంతా నలుపు!

అంటే మా మెత్తను ఇంకెవరి గుర్రానికో వేశారన్నమాట. పెళ్లి ఊరేగింపులకు గౌరిని తీసుకెళ్లేది మరిది శీను ఒక్కడే. హనుమాన్ జంక్షన్‌లో వాడి స్నేహితుడికి తెల్ల గుర్రం ఉంది. మొన్న అటే వెళ్లి ఆలస్యంగా వచ్చాడు. అడిగితే ట్రాఫిక్ అన్నాడు. ఒకదాని మెత్త ఇంకోదానికి వేస్తే గజ్జి అంటుకుంటుందని వాడికి తెలియదా?

సాయంత్రం ఆ వెంట్రుకలను కాగితంలో పెట్టి వాడి ముందు పడేశాను. "ఎవరి గుర్రానికి వేశావురా?"

వాడు కోప్పడలేదు. నన్ను గౌరి దగ్గరకు తీసుకెళ్లి, వీపు మొదట్లో జూలు పక్కకు తీశాడు. అక్కడ రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ.

"ఇవి దీనివే వదినా. జీను ఒకేచోట నొక్కీ నొక్కీ వెంట్రుకలు తెల్లగా వచ్చేశాయి. ఇరుకుగా ఉందని కొన్నప్పుడే చెప్పా కదా. నువ్వెప్పుడూ మెత్తే చూస్తావు, దాని వీపు చూడవు."

పైన కుట్టిన అద్దాలు బావున్నాయని ఆ జీను ఏరి కొన్నది నేనే.

మరి తెలిసీ ఏడాదిగా అదే ఎందుకు బిగిస్తున్నాడు? అడగబోయాను. నువ్వే బిగించమన్నావుగా అంటాడని ఆగిపోయాను.