గడ్డ పక్కన మంచి ముక్క

కైకలూరు దగ్గర లంక,
జూన్ 3

ఏలూరులో రక్తనాళాల పరిశోధన చేసేవారికి,

నా పేరు ముంగర నాంచారమ్మ. వయసు డెబ్బై ఆరు. ఆధార్‌లో డెబ్బై ఒకటని ఉంటుంది, అది వాళ్ళ తప్పు. ఇంట్లో నేను, కోడలు తులసి, రెండు గేదెలు. కొడుకు ఐసు లారీ మీద తిరుగుతాడు. కాలువ గట్లు కాసే లస్కరుగా చేసిన మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆశా కార్యకర్త షారోన్ రాస్తోంది.

మూడు నెలల కిందట మీ ఆసుపత్రిలో నా వీపు మీది గడ్డ కోశారు. ఇప్పుడేమో వేలిముద్ర వేయమని కాగితం పంపారు. అందులో గడ్డ ముక్కతోపాటు దాని పక్కనున్న మంచి ముక్క కూడా మీ దగ్గరే ఉందట. చెడ్డది తీయమన్నాను. మంచిది తీయమని మీకెవరు చెప్పారు? గుమ్మానికి చెద పట్టిందని వడ్రంగిని పిలిస్తే పక్క గది తలుపు ఎత్తుకుపోతాడా?

పైగా రక్తనాళాల మీద గుర్తులు చూస్తారట. గుర్తుల సంగతి నాకు చెప్పకండి. కొల్లేట్లో దొంగ చేపల చెరువులు తెంపిన ఏడాది అధికారులు వచ్చి, ఊరికే కొలతలకేనమ్మా అంటూ గట్ల మీద అక్కడక్కడా ఎర్ర రంగు రాళ్ళు పాతారు. సరే అని ఈ వేలే వేశాను. వారం తిరక్కుండా యంత్రం వచ్చి మా రెండెకరాల చెరువు గట్టు తెంపేసింది. మాది పట్టా చెరువు. గుర్తు పెట్టినవాడి వెనకే తెంపేవాడు వస్తాడు. వేలిముద్ర వేయను. నా మంచి ముక్క నాకు పంపండి.

నాంచారమ్మ

తా.క. ముక్క మంచులో భద్రంగా ఉందన్నారు. చేపకి ఎంత మంచు వేస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందో కైకలూరులో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. మూడు నెలలు నిలిచే మంచు ఏ కొట్లో కొన్నారో రాయండి.

తా.క. ఇది షారోన్ సొంతంగా రాస్తున్నదండీ. మామ్మగారికి కోపమే గానీ గాయం చక్కగా మానింది. ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచారు, చింపలేదు.


ఏలూరు,
జూన్ 9

నాంచారమ్మ గారికి నమస్కారాలు.

నేను భాగ్యశ్రీనండీ, ఈ ల్యాబులో పనిచేస్తాను. మాది తాడేపల్లిగూడెం. షారోన్ గారు రాసినట్టు గాయం మానినందుకు సంతోషం. కాగితం బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్నందుకు మరీ సంతోషం.

గడ్డ కోసేటప్పుడు చుట్టూ కాస్త మంచి భాగం కూడా తీస్తారండీ, వేరు మిగలకూడదని. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి. అందుకు అది సొంతంగా రక్తనాళాలు పుట్టించుకుంటుంది. నాళం లోపలి గోడ మీదున్న కణాలకు పైన కొన్ని ప్రొటీన్లు అంటుకుని ఉంటాయి. మంచి నాళానికి ఒక రకం, గడ్డ నాళానికి మరో రకం. ఆ తేడా తెలిస్తే గడ్డ నాళాన్ని మాత్రమే పట్టుకునే మందు చేయవచ్చు. రెండూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. ఆ గుర్తులు మేము పెట్టేవి కావు, ముందే ఉన్నాయి. మేము చూస్తామంతే.

ఈ నెల 30లోగా మీ అనుమతి రాకపోతే నిబంధన ప్రకారం రెండు ముక్కలూ పారేయాలి.

భవదీయురాలు,
భాగ్యశ్రీ

తా.క. మంచు కొనలేదండీ. అది సున్నాకి ఎనభై డిగ్రీల కింద ఉండే కరెంటు పెట్టె.


లంక,
జూన్ 14

అమ్మాయ్ భాగ్యశ్రీకి,

నాంచారమ్మ చెప్పి రాయించునది. ముందు ఈ సంగతి తేల్చు. గాయం మానిందని, బియ్యం డబ్బా అని నేను చెప్పలేదు. నా ఉత్తరంలోకి నేను చెప్పని మాట ఎలా వచ్చింది? షారోన్‌ని అడిగితే చీమ కుట్టినట్టయినా లేదు. ఇకమీదట రాసిందంతా రిటైరైన పోస్టుమాస్టరు నరసరాజు గారు చదివి సరేనన్నాకే కవరు అంటిస్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. గుర్తులు ముందే ఉన్నాయి, మేము చూస్తామంతే అన్నావు. ఆనాడు వచ్చిన అధికారీ గట్టు మీద నిలబడి ఇదే మాట అన్నాడు. ఎర్ర రాయి మీ గట్టు మీదే ఉంది కదమ్మా, మేము రాయిని చూసి తెంపుతామంతే అన్నాడు. మా పక్క చెరువు చలపతిరావుది. దొంగ కాలువ తవ్వి నీళ్ళు లాగింది అతను. అతని గట్టు మీద రాయి లేదు, తెంపలేదు. రాళ్ళు పాతిన రోజు ఆఫీసర్లకి రొయ్యల కూరతో భోజనం అతనింట్లోనే. పద్దెనిమిదేళ్ళుగా అతనితో మాట్లాడను.

దొంగ కాలువని కనిపెట్టడానికి నీ ప్రొటీన్లు దేనికి? మా ఆయన వెంట ముప్ఫయ్యేళ్ళు గట్లు తిరిగాను. సర్కారు కాలువ తిన్నగా పోతుంది, గట్టు మీద గడ్డి ఉంటుంది. దొంగ కాలువ వంకరటింకర, గట్టంతా కారుతూ ఉంటుంది, ఎక్కడికి పోతుందో తవ్వినవాడికే తెలియదు. చూస్తే చాలు.

నా అనుమానం ఒకటే. రెండూ పక్కపక్కన పెట్టి, మంచిదాన్ని పట్టుకుని ఇదే దొంగంటారు. నిజం చెప్పు, ఇప్పటికే కోసి చూశారా? నరసరాజు గారిని పంపుతున్నాను. పెట్టె తెరిచి చూపించు.

నాంచారమ్మ

తా.క. ఆయనకి షుగరు. టీ ఇస్తే చక్కెర వేయకు. అడుగుతాడు, అయినా వేయకు.


ఏలూరు,
జూన్ 20

నాంచారమ్మ గారికి నమస్కారాలు.

నరసరాజు గారు వచ్చారండీ. ముక్కల మీద సీలు చూశారు. మీ వేలిముద్ర లేకుండా మేము తాకలేదు, ఇకముందూ తాకం. డబ్బా మీద నంబరే గానీ పేరు లేదేమని ఆయన అభ్యంతరం. ఎవరి ముక్కో బయటికి తెలియకూడదని అలా పెడతామంటే, పోస్టాఫీసులో ఇలాగైతే ఒక్క ఉత్తరమూ చేరదన్నారు.

మీ దొంగ కాలువ మాట మా ఫణీంద్ర డాక్టరు గారికి చదివి వినిపించాను. ముందు నవ్వి, తర్వాత ఆ ఉత్తరం అడిగి తీసుకుని మళ్ళీ చదువుకున్నారు. గడ్డ నాళాలు అచ్చం అలాగే ఉంటాయండీ. వంకరగా, కారుతూ, దారీ తెన్నూ లేకుండా. కానీ మందుకి కళ్ళుండవు. రక్తంలో కొట్టుకుపోతూ గోడని తడిమి పోల్చుకోవాలి. మంచిదాన్ని చెడ్డదని పొరబడితే మంచి నాళాన్నే తెంపేస్తుంది. అలా జరగకూడదనే మీ మంచి ముక్క అడుగుతున్నాం.

వేలిముద్రకి ఇద్దరు సాక్షులు కావాలి. ఇంటివాళ్ళు పనికిరారు. రాసిపెడుతున్న షారోన్ గారూ పనికిరారు. ఇద్దరిలో ఒకరైనా కాగితం పైకి చదివి వినిపించాలి.

భవదీయురాలు,
భాగ్యశ్రీ

తా.క. నరసరాజు గారు కళ్ళజోడు ఇక్కడే మరిచిపోయారు. పెట్టెలో కాదు, బల్ల మీద. టీలో చక్కెర వేయలేదు. రెండుసార్లు అడిగారు.


లంక,
జూన్ 26

అమ్మా భాగ్యశ్రీకి,

ముంగర నాంచారమ్మ, వయసు డెబ్బై ఆరు, సాక్షుల ఎదుట చెప్పి రాయించునది.

కళ్ళజోడు లేక నరసరాజు గారికి నా మొహమే ఆనడం లేదు, ఇక కాగితమేం చదువుతారు. మా వీధిలో ఇంటివాళ్ళు కాకుండా, పగలు ఇంటిపట్టున ఉండి, చదువు వచ్చినవాడు చలపతిరావు ఒక్కడే. పద్దెనిమిదేళ్ళ తర్వాత కబురు పెట్టాను. వచ్చాడు. కుర్చీ వేయలేదు, గడప మీదే కూర్చున్నాడు. కాగితం చదివాడు. నీ ఉత్తరం కూడా చదవమన్నాను.

మంచిదాన్ని చెడ్డదని పొరబడితే అన్నచోట ఆగిపోయాడు. కళ్ళు కనబడటం లేదా అని అడిగాను. కనబడుతున్నాయి వదినా అన్నాడు. మరి చదువు అన్నాను. అప్పుడు చెప్పాడు.

"ఆ ఎర్ర రాయి మా గట్టు మీద పాతారు వదినా. వాళ్ళు మా ఇంట్లో భోజనాలు చేస్తుంటే నేనే పెరికి తెచ్చి మీ గట్టు మీద పాతాను."

నరసరాజు గారు కుర్చీలోంచి లేచారు. తులసి చేటలో బియ్యం అలాగే పట్టుకు నిలబడింది. ఇన్నేళ్ళూ నేను తిట్టింది రాయిని చూసి తెంపినవాణ్ణి. రాయి జరిపినవాడు పక్కనే చెరువు సాగు చేసుకుంటున్నాడు.

కొడదామని చెయ్యి లేచింది. ఆ చేతికి అప్పటికే షారోన్ సిరా రాసింది. అందుకని ముందు వేలిముద్ర వేశాను.

ఎందుకు వేశానో కూడా రాయించుకో. ఆనాడు గట్టు తెంపేముందు నా చెరువునీ అతని చెరువునీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. మీరు చూస్తామంటున్నారు. మంచి ముక్క ఉంచుకోండి, తిరిగి అడగను.

కానీ ఒకటి. ఒక్క గుర్తు చూసి నమ్మకండి. మనిషే రాయి జరిపితే, ఒంట్లో దొంగ కాలువలు తవ్వే గడ్డ ఊరుకుంటుందా? తన గుర్తు మంచి నాళం మీద పెట్టినా పెడుతుంది. రెండు మూడు గుర్తులు చూడండి. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. తర్వాతే తెంపండి. ఈ మాట డాక్టరు గారికి చదివి వినిపించు. నవ్వితే మళ్ళీ వినిపించు.

తా.క. సాక్షి సంతకం కింద ఎవరు ఏమవుతారో రాయాలని కాగితంలో ఉంది. చలపతిరావు ఏం రాయాలని అడిగాడు. ఉన్నది రాయమన్నాను. షారోన్ ముట్టుకోలేదు, అతని చేత్తోనే రాశాడు.

నాంచారమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
నరసరాజు, రిటైర్డ్ పోస్టుమాస్టరు (కళ్ళజోడు లేకుండా)
చలపతిరావు, పక్క చెరువు, రాయి జరిపినవాడు