పడ్డనాడు పెట్టిన తాళాలు

విఠలన్నా,

ప్యాకింగ్ మిషన్ కాడ మూర్ఛొచ్చి పడ్డనాడు, ఇనుము పట్టుకుంటే తగ్గుతదని స్టోర్ తాళాలగుత్తి నా చేతిల పెట్టింది నువ్వే. తెల్లారి ఆఫీసోళ్లు మిషన్ పనికి అన్‌ఫిట్ అన్నరు, ఒప్పుకున్న. కూసొని చేసే పనియ్యిన్రి అంటే, వికలాంగురాలినని సర్టిఫికెట్ తెమ్మన్నరు. సంగారెడ్డి పోతే సర్కారు డాక్టరు, "చట్టంల రాసిన వాటిల్ల మూర్ఛ లేదమ్మా, నేను రాసియ్యలేను" అన్నడు. మిషన్ కాడ నేను రోగిని, చట్టం కాడ మంచిగున్నదాన్ని! ఇదెక్కడి ఇన్సాఫ్ అన్నా? ఆఫీసోళ్లకు చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఇగ పనికని పటాన్‌చెరు బస్సెక్కుడే బందయింది.

స్టోర్ల మనిషి కావాలని నువ్వే అంటుంటివి కదా. సూపర్‌వైజర్‌వి, నువ్వైనా ఆఫీసుల ఒక్క మాట చెప్పు. పడ్డప్పుడు చేతిల పెట్టిన తాళాలు, లేచి నిలవడ్డంక ఎందుకియ్యరు?

నీ ఊరి చెల్లె