టైలరు తాత వీడియో తీసెయ్

ఒరేయ్ తమ్ముడూ,

నా బస్సుకి టైమైంది. నువ్వు లేవగానే, మొహం కూడా కడగకముందే, మన వీధి గ్రూపులో నువ్వు పెట్టిన ఆ వీడియో తీసెయ్. మూల మీద టైలరు తాత ఏడుస్తున్న పాపని ఎత్తుకుని పరిగెత్తడం నిజమే. పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడని కింద రాసిందే అబద్ధం.

అది ఎవరు తీశారని నిన్న నలుగురిని అడిగాను. ఒక్కొక్కరూ ఇంకొకరి మీదకి తోశారు. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు అక్కడే అనుమానమొచ్చింది. అందుకే ఇందాక పాలకి వెళ్తూ తాత కొట్టు తలుపు తట్టాను. భయంభయంగా సగమే తీశాడు. నిన్న సాయంత్రం ఎవరో రాళ్లేశారట, అద్దం పగిలిపోయి ఉంది.

"అది నా మనవరాలే తల్లీ. మిషను సూది వేలిలోకి దిగిపోయింది. బండి దొరక్క ఆస్పత్రిదాకా ఎత్తుకునే పరిగెత్తాను," అన్నాడు. పాప కట్టు కట్టిన వేలు చూపించింది.

నువ్వు ఎవరెవరికి పంపావో అందరికీ ఫోన్ చేసి చెప్పు. మెసేజ్ పెట్టి చేతులు దులుపుకోకు. నా మాట కూడా ఊరికే నమ్మకు, వెళ్లి నీ కళ్లతో చూసిరా. మన స్కూలు బట్టలన్నీ కుట్టిన మనిషిరా ఆయన, ఎలా నమ్మావు?

అన్నం వండి పెట్టాను, తిని వెళ్లు.

అక్క

ఇంకో మాట. నిన్న ఆయన ఎదురొస్తే నేనూ చూడనట్టు రోడ్డు దాటేశాను. "బాగున్నావామ్మా" అని ఆయన వెనకనుంచి అడగడం వినిపించింది. ఇవాళ ఆ సంగతి ఎత్తుదామనుకున్నాను. ఎత్తకుండానే పాలకి వెళ్లిపోయాను.